కొసరుగా పోయిన పరీక్ష

నలభై రెండు చెప్పిన సరుకును ఇరవై ఐదుకు దించినవాణ్ణి నేను. అదీ ముందు పెట్టిన చాయ్ చల్లారేలోపు. జనగామలో మా తాతది బెల్లం దుకాణం, బాపుది కిరాణం, మేనమామలవి బట్టల కొట్లు. మా ఇంట్లో పిల్లలకు ఎక్కాలకన్నా ముందు బేరం వస్తుంది. అంతమంది పెద్దలున్న వంశంలో, కూర్చున్న చోటు నుంచి లేవకుండా పదిహేడు కొట్టేసిన మొనగాడు నాకు ముందు లేడు. పైగా బేరం ముగిశాక ఒకటి కొసరు కూడా పట్టాను. మొత్తం ఇరవై నాలుగు. మా తాత ఉంటే భుజం తట్టేవాడు.

కాకపోతే ఆ సరుకు వంకాయలు కాదు, ధోతుల తాను కాదు. కంప్యూటర్ తెర సరిగ్గా పనిచేస్తుందో లేదో చూసే చిన్న చిన్న పరీక్షలు. అవి తగ్గితే నాకు మిగిలేది ఏమీ లేదని, పోయేది మాత్రం వేరేవాళ్ళదని తెలియడానికి మూడు వారాలు పట్టింది.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజులవి. కంప్యూటర్ చదువు పూర్తిచేసి, పట్నంలో ఉద్యోగం దొరక్క, బాపు దుకాణం మీది గదిలో నా దుకాణం తెరిచాను. ఊళ్ళలో పత్తి కొనే ఖరీదుదార్లకు కాంటా లెక్కల ప్రోగ్రాం తయారుచేసి అమ్మడం నా వ్యాపారం. మొదటి గిరాకీ మహబూబాబాద్‌లో ఒక పత్తి ఖరీదుదారు. ఆయన తర్వాత భూపాలపల్లిలో ఒక విత్తనాల వ్యాపారి కూడా అడిగి పెట్టుకున్నాడు. ఆ రెండో బేరం చేజారకూడదని మొదటిది తొందరగా వదిలించుకోవాలనుకున్నాను. తొందర అక్కడ మొదలైంది.

ఆ గదిలో నాతో పాటు పనిచేసింది ఒక్క అమ్మాయే. గూడూరు వైపు అడవి అంచున ఉన్న తండా ఆమెది. డిగ్రీలో కంప్యూటర్లు చదివింది. ఇంట్లో మాట్లాడేది వాళ్ళ భాష, మాతో మాట్లాడేది మా భాష, యంత్రంతో మాట్లాడేది దాని భాష. మూడింట్లోనూ తక్కువ మాటలే. నన్ను అన్నా అనేది, నేను చెల్లె అనేవాణ్ణి. ప్రోగ్రాం రాసేది నేను, దానికి పరీక్షలు రాసేది ఆమె.

పరీక్ష అంటే పెద్ద విద్య ఏమీ కాదు. కాంటా దగ్గర కూర్చునే గుమాస్తా వేలు ఏం చేస్తుందో అది తానే చేసి, తెర మీద కనబడాల్సిందే కనబడిందా అని చూసుకునే బుల్లి ప్రోగ్రాం. ఊరు కొట్టు, బరువు కొట్టు, చీటీ అడుగు. లెక్క కుదిరితే పచ్చ గీత, కుదరకపోతే ఎర్ర గీత.

మా తెరకు మాత్రం ఒక గుణం ఉంది. అది గుర్తుపెట్టుకుంటుంది. పత్తి తడిగా ఉంటే క్వింటాలుకు ఇన్ని కిలోలని కోసేస్తారు. దాన్ని తరుగు అంటారు. ఒక ఊరి బండ్లు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఒకే వానలో తడిసిన పత్తికి ఒకే తరుగు. ప్రతి బండికీ గుమాస్తా ఆ అంకె మళ్ళీ మళ్ళీ కొట్టకుండా, ముందు బండికి వేసిన తరుగు తెర మీది గడిలో అలాగే నిలిచి ఉండేటట్టు చేశాను. ఊరు మారగానే గడి దానంతట అదే ఖాళీ కావాలి. ఈ ఏర్పాటు నా సొంత బుర్రలోంచి పుట్టింది. ఖరీదుదారుకు కూడా తెగ నచ్చింది. నచ్చిన చోట రేటు పెంచడం మాకు తెలిసిన విద్యే కాబట్టి పెంచాను కూడా.

గుర్తుపెట్టుకోని తెరను పరీక్షించడం సులువు. కొత్తగా తెరిచి, ఒక అంకె కొట్టి చూస్తే చాలు. గుర్తుపెట్టుకునే తెరకు ముందు ఒక గతం ఉండాలి. అంటే మొదట ఒక బండిని నడిపించాలి, దాని చీటీ ఇవ్వాలి, తర్వాత రెండో బండిని తేవాలి, అప్పుడు గడిలో ఏముందో చూడాలి. అందుకే ఆమె రాసిన పరీక్షలు చాంతాడంత ఉండేవి. కొన్ని యాభై వరుసలు కూడా దాటాయి. ఒకటి ఎర్రబడితే, ఎందుకు ఎర్రబడిందో వెతకడానికే ఒక పూట పోయేది. పైగా బొగ్గు గనుల్లో సమ్మె, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. మా ఇన్వర్టరు ముసలిది. నలభై రెండూ అయ్యేలోపు అది కీచుమని చచ్చిపోయేది. మళ్ళీ మొదటి నుంచి.

పొట్టిగా చేయమని అడగడంలో తప్పు లేదు. ఆ మాట ఇప్పటికీ అంటాను. ఆమె కూడా ఒప్పుకుంది. రెండు రోజులు కూర్చుని, ప్రతి పరీక్షలోనూ పదే పదే వచ్చే పనిని ఒక్కచోటికి తీసి పెట్టింది. ఆ తర్వాత ఒక్కో పరీక్షా మూడు వరుసలకు వచ్చింది. మొదటి వరుసలో తెర అంతకుముందు ఎట్లా ఉంది, రెండో వరుసలో చెయ్యి ఏం చేసింది, మూడో వరుసలో ఇప్పుడు ఏం కనబడాలి. చదివితే మా బాపు చెప్పే లెక్కలాగా ఉండేది, ఒక్క మాట ఎక్కువ లేదు. ఇంకా నాలుగైదు మాత్రం పొడవుగానే మిగిలాయి.

నేను అక్కడ ఆగితే ఈ రాత ఉండేది కాదు. కానీ ఎదుటివాడు తగ్గినప్పుడు ఇంకా తగ్గుతాడని మాకు పుట్టుకతో తెలుసు. వరుసలు తగ్గాయి కదా, ఇక సంఖ్య మీద పడ్డాను. జాబితాను కాగితం మీద అచ్చు తీసి, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఇంత చిన్న తెరకు నలభై రెండు ఎందుకని అడిగాను.

“తెర చిన్నదే అన్నా. దాని మీద పడే చేతులే మస్తుంటయి” అంది.

ఇరవై అన్నాను. నవ్వింది. ఇరవైకి ఇచ్చి ఇంటికి ఏం తీసుకుపోవాలని ఎదురడిగింది. ఆమె తల్లి గూడూరు అంగట్లో కట్టెలు అమ్మి పెంచిన పిల్ల, బేరం ఆమెకూ తెలుసు. ముప్పై ఎనిమిది అంది. మౌసుతో చేసే పనికి ఒకటి, అదే పని కీబోర్డుతో చేస్తే ఇంకొకటి, ఇట్లా జంటలు ఎందుకని నేను. ఎడమ చేత్తో పెట్టినా కుడి చేత్తో పెట్టినా దీపం దీపమే కదా అని నా మేనమామల దగ్గర నేర్చిన సామెతలాంటి మాటలు రెండు విసిరాను. ఆమె ఒక్కోదాన్నీ చూసి, కొన్నింటికి నిజమేనని తలూపి కొట్టేసింది. ముప్పై అయింది. ఇరవై ఎనిమిది అయింది. చివరికి ఇరవై ఐదు దగ్గర తన పెన్ను కింద పెట్టింది. ఇక దిగదని ముఖం చూస్తే అర్థమైంది.

అక్కడితో బేరం అయిపోయింది. కానీ మా వైపు బేరం అయ్యాక కొసరు అని ఒకటుంది. కూర కొన్నాక పైన రెండు మిరపకాయలు, పప్పు కొన్నాక ఇంకో చారెడు. అది లెక్కలోకి రాదు, అడగకపోతే మాత్రం కొన్నవాడు చవట కిందే లెక్క. నేను ఇరవై ఐదింటి మీద చూపు పరిగెత్తించి, అన్నింటికన్నా పొడవున్నదాని మీద వేలు పెట్టాను. అది ఇంకా మూడు వరుసలకు రానిది. ఒక ఊరి బండికి తరుగు పడ్డాక, ఇంకో ఊరి బండి వస్తుంది. ఊరి పేరును గుమాస్తా మౌసుతో ఎంచుకోకుండా కీబోర్డు మీద కొడతాడు. ఈ బండికి తరుగు లేదు, కాబట్టి ఆ గడిని ముట్టుకోడు. అప్పుడు చీటీలో తరుగు ఎంత రావాలి?

సున్నా రావాలి, వస్తుంది, అన్నాను. మౌసుతో ఊరు మారిస్తే గడి ఖాళీ అవుతున్నదని వేరే పరీక్ష చెబుతూనే ఉంది. తరుగు లేకపోతే గుమాస్తా సున్నా కొడతాడు, కొట్టకుండా ఉండడు, అని కూడా అన్నాను.

“ఇదొక్కటి ఉంచన్నా. రేపటికల్ల దీన్ని గూడ మూడు లైన్లు చేస్త.”

“కొసరు చెల్లె. కొసరు ఇయ్యకుంటే బేరమెట్లయితది?”

ఎర్ర పెన్నుతో దాని చుట్టూ ఒక సున్న చుట్టి, అడ్డంగా గీత కొట్టాను. చాయ్ ఇంకా వేడిగానే ఉంది. తాగాను.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి, సిగ్గయినా సరే. మా బాపు దుకాణంలో ఎన్నేళ్ళు కూర్చున్నానో నాకే తెలియదు. ఏ గిరాకీ పేరు ముందూ బాపు సున్నా రాయడం నేను చూడలేదు. లేనిదాన్ని ఎవరూ రాయరు. లేదంటే వదిలేయడమే. గుమాస్తా సున్నా కొడతాడని నేను అన్నది దుకాణం కొడుకు అనాల్సిన మాట కాదు. గెలవాలన్న కక్కుర్తిలో నోటికి వచ్చిన మాట.

మరునాడే రైలెక్కి మహబూబాబాద్ పోయి ప్రోగ్రాం ఎక్కించి వచ్చాను. వచ్చిన రెండు రోజులకు బంద్. బస్సులు ఆగాయి, రైళ్ళు ఆగాయి, కాంటాలు ఆగాయి. జనగామ చౌరస్తాలో వంటావార్పు పెడితే నేనూ కూరగాయలు తరిగాను. మా వాటా మాకు రావాలని గొంతు బొంగురుపోయేదాకా అరిచాను. ఆ మాట మీద నాకు అప్పుడూ అనుమానం లేదు, ఇప్పుడూ లేదు. అనుమానం ఉన్నదల్లా ఆ గొంతు మీదే.

బంద్‌ను రెండు రోజులు సడలించారు. మొదటి రోజునే ఆగిన పత్తి అంతా ఒక్కసారిగా ఖరీదుదారు ఆవరణలోకి వచ్చి పడింది. ముందు వరుసలో ఒక ఊరి ట్రాక్టర్లు. ఆ పత్తి వానకు తడిసింది. క్వింటాలుకు ఆరు కిలోల తరుగు. వాటి వెనక గూడూరు వైపు ఒక తండా బండ్లు పదకొండు. ఇంట్లో ఆరబెట్టి, కప్పి, బంద్ అంతా కాపలా కాసిన పొడి పత్తి. చెయ్యి పెట్టి చూసిన మనిషి తరుగు లేదని గట్టిగానే చెప్పాడు. రద్దీలో గుమాస్తాకు మౌసు పట్టుకునే తీరిక లేదు. ఊరి పేరు కీబోర్డు మీద టకటకా కొట్టాడు. తరుగు లేదన్నారు కాబట్టి ఆ గడిని ముట్టుకోలేదు. ముందు ఊరి ఆరు కిలోలు అందులో అలాగే కూర్చుని ఉన్నాయి. పదకొండు బండ్లు. అరవై రెండు క్వింటాళ్ళు.

రైతు చేతికిచ్చే లెక్క చీటీని మా వైపు తక్‌పట్టి అంటారు. పదకొండు తక్‌పట్టీలు తీసుకుని పదకొండు ఇళ్ళవాళ్ళు వెళ్ళిపోయారు. ఒక్క అవ్వ మాత్రం కదల్లేదు. మా చెల్లెకు పెద్దమ్మ వరుస అవుతుందని తర్వాత తెలిసింది. ఆమెకు చదువు రాదు. కానీ ఇంటి దగ్గర తూచి, ఒక్కో క్వింటాలుకు గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసి వచ్చింది. ఎనిమిది గీతలు. చీటీ పక్కవాళ్ళ చేత చదివించుకుంటే ఎనిమిదికి నలభై ఎనిమిది కిలోలు తక్కువ. తరుగు లేదని మీరే అంటిరి కదా అని గుమాస్తాను నిలదీసింది. కంప్యూటర్ గట్లనే చెబుతున్నదని అతను. ఆవరణలో ఎవరో ఆ కంప్యూటర్ ఎక్కడి నుంచి వచ్చిందని అడిగారు. జనగామ నుంచి అన్నారు. జనగామలో కంప్యూటర్ పని చేసేది మన తండా పిల్లనే కదా అని ఇంకెవరో అన్నారు.

సాయంత్రం ఖరీదుదారు ఫోన్ చేశాడు. ఆయన కోపిష్ఠి కాదు, అందుకే భయమేసింది. ఏమైంది తమ్మీ అని మెల్లగా అడిగాడు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే, ఒక బండికి ఆరు తరుగు వేసి, ఊరి పేరు కీబోర్డు మీద మార్చి చూశాను. ఆరు కదలకుండా అక్కడే ఉంది. ఏమైందో నాకు అర క్షణంలో అర్థమైంది. ఎర్ర సున్న చుట్టిన కాగితం నా సొరుగులోనే ఉంది.

“పరీక్షలు చూసేది మా దగ్గర అమ్మాయి సేటూ. జర చూసుకోవల్సుండె” అన్నాను.

అబద్ధం ఆడలేదు, గమనించండి. పరీక్షలు చూసేది అమ్మాయే. దుకాణదారుడు అబద్ధం ఆడడు. త్రాసులో వేలు ఎక్కడ ఆనించాలో అతనికి తెలుసు, అంతే.

ఆ మాట నా కన్నా ముందు తండా చేరింది. మూడో రోజు ఆమె పనిలోకి వచ్చి, కుర్చీలో కూర్చోకుండా నిలబడే మాట్లాడింది. మా పెద్దమ్మ ఇంటికి రానియ్యడం లేదంది. చదువుకుని మనోళ్ళ తూకమే కోసిందని తండా అంతా అనుకుంటున్నదంది. నా సొరుగు వైపు ఒక్కసారి చూసింది. ఆ కాగితం సంగతి ఆమె ఎత్తలేదు.

“అన్నా, ఒక్కసారి తండకొచ్చి నువ్వే చెప్పు. నేను చెప్తే ఎవరు నమ్ముతరు?”

దానికీ బేరమాడాను. కిలోలు వాపసు ఇప్పిస్తానన్నాను. ఉత్తరం రాసిస్తానన్నాను. రోడ్లు మళ్ళీ బందున్నాయి, బంద్ అయ్యాక పోదామన్నాను. బంద్ నాకు అంతకుముందెప్పుడూ అంత అక్కరకు రాలేదు. ఆమె అన్నీ విని, రావాలి అని మాత్రం అంది. ఈసారి దిగలేదు.

తేడా కిలోల డబ్బు తిరిగి ఇవ్వడానికి ఖరీదుదారు ఒప్పుకున్నాడు, అందులో నా వంతు నా మీద వేసి. కొత్త తక్‌పట్టీలు పదకొండు అచ్చు తీసుకుని, బస్సులు తిరిగిన మొదటి వారంలో ఇద్దరం గూడూరు దాకా పోయి, అక్కడి నుంచి ఆటోలో తండా చేరాం. ఒక ఇంటి ముందు సిమెంటు గద్దె మీద జనం కూడారు. పదకొండు ఇళ్ళవాళ్ళూ ఉన్నారు. ఆమె ఒక పక్కన నిలబడింది. నేను దారంతా అనుకున్న మాట నాలుక మీదే ఉంది. జనాన్ని చూశాక ఆ మాట కొంచెం కొంచెంగా రేటు తగ్గింది.

“కంప్యూటర్‌ల తప్పయింది. దిద్దినం. మీ కిలోలు మీకు వాపసు వచ్చినయి” అన్నాను.

అవ్వ కొత్త చీటీ చదివించుకుని, మడిచి కొంగున కట్టుకుంది.

“కంప్యూటర్ తప్పంటే మా పిల్లదే గద” అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. ఆ చుట్టుపక్కల కంప్యూటర్ ముట్టుకున్న మనిషి ఆమె ఒక్కతే. వాళ్ళకు ఆ యంత్రం అంటే ఆ పిల్లే. అందరూ ఆమె వైపు చూశారు. ఆమె నా వైపు చూసింది.

కాదు అనడానికి రెండు అక్షరాలు చాలు. నేను అన్నది వేరు. “పోనీ అవ్వా, అయిందేదో అయింది” అన్నాను. పెద్దమనిషిలాగా, క్షమించండి అని నేను ఆమె తరఫున అడుగుతున్నట్టు.

తిరిగి వచ్చేటప్పుడు గూడూరు బస్టాండులో ఇద్దరం నిలబడ్డాం. బస్సు కనబడ్డాక ఆమె అంది: “కిలోలైతే ఇచ్చినవన్నా. తప్పు కింద నా పేరు ఆన్నే ఉన్నది.”

నెల తిరగకుండానే పని మానేసింది. భూపాలపల్లిలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పే పని దొరికిందని ఫోన్‌లో చెప్పింది. తండా నుంచి అది దూరం. అందుకే ఎంచుకుందేమో, నేను అడగలేదు.

తప్పు దిద్దడం నాకు పావు గంట పని. పరీక్ష రాయడమే చేతకాలేదు. రెండు బండ్లు, రెండు ఊళ్ళు, కీబోర్డు, ముట్టుకోని గడి. రాస్తే నలభై వరుసలు దాటేది. ఒకరోజు విసిగి కిందికి దిగి దుకాణంలో కూర్చున్నాను. బాపు ఒకామెకు అరకిలో బెల్లం తూచి ఇచ్చాడు. తర్వాతి మనిషి చక్కెర అడిగాడు. చక్కెర పొయ్యకుండా బాపు తడిగుడ్డ తీసి త్రాసు పళ్ళెం తుడిచాడు. ఆరేళ్ళప్పటి నుంచి చూస్తున్న పని. ఆ రోజు ఎందుకు తుడుస్తావని అడిగాను. ఇంత చదివి ఇదేం అడుగుడని నా ముఖం చూశాడు.

“ముందొచ్చినోని బెల్లం ఎనకొచ్చినోని తూకంల ఉండొద్దురా.”

పళ్ళెం పొద్దున ఖాళీగా ఉన్నప్పుడు సరిగ్గానే ఉంటుంది. చూడాల్సింది బెల్లం దిగాక. మా ఇంట్లో ముప్పై ఏళ్ళుగా తడిగుడ్డతో జరుగుతున్న పరీక్షను నేను కొసరు కింద కొట్టేశాను. మెట్లెక్కి పైకి పోయి, ఆమె పద్ధతిలో మూడు వరుసలు రాశాను. ముందు ఊరి ఫలానా రైతుకు ఆరు కిలోల తరుగు పడి ఉంది. కీబోర్డుతో ఊరు మారింది. చీటీలో తరుగు ఏమీ ఉండకూడదు. పాత ప్రోగ్రాం మీద నడిపితే ఎర్ర గీత. దిద్దినదాని మీద పచ్చ గీత. రెండు సెకన్లు కూడా పట్టలేదు.

పనిలో పనిగా కొట్టేసిన మిగతా పదిహేడింటినీ తిరిగి పెట్టి పాత ప్రోగ్రాం మీదే నడిపించాను. అన్నీ పచ్చగానే వచ్చాయి.

ఎండలు ముదిరాక విత్తనాల వ్యాపారికి ప్రోగ్రాం ఎక్కించడానికి భూపాలపల్లి పోయాను. కంప్యూటర్ సెంటర్ వెతుక్కుని పోతే ఆమె గని కార్మికుల పిల్లలకు పాఠం చెబుతున్నది. అయిపోయేదాకా బయట కూర్చున్నాను. ఏం తెచ్చావన్నట్టు చూసింది. మూడు వరుసలు అచ్చు తీసిన కాగితం ఇచ్చాను. దుకాణదారుడి కొడుకుని, వట్టి చేతులతో పోలేకపోయాను. చదివి, పెన్ను తీసి, మొదటి వరుసలో నేను పెట్టిన రైతు పేరును కొట్టేసింది.

“పేరు ఎందుకన్నా? ఊరు మారితే గడి ఖాళీ అయితదా లేదా, గంతే గద చూసేది.”

నిజమే. అది లేకపోయినా పరీక్ష నిలబడుతుంది. తగ్గించడం అంటే ఏమిటో ఆమె ఒక్క గీతతో చూపించింది. తర్వాత కాగితం మడిచి నాకే ఇచ్చి, తండాలో చెప్పావా అని అడిగింది. బంద్‌లు, రోడ్లు అని ఏదో మొదలుపెట్టాను.

“రోడ్లు తెరిచి మస్తు రోజులాయె” అంది. పిల్లల రెండో జట్టు వచ్చింది, లోపలికి పోయింది.

తిరుగు దారిలో జనగామ బస్సు ఎక్కలేదు. గూడూరు మీదుగా తండాకు పోయాను. మధ్యాహ్నం ఎండ, గద్దె మీద ఎవరూ లేరు. అవ్వ వాకిట్లో కూర్చుని ఎండిన మిరపకాయల తొడిమెలు తీస్తున్నది. నేను ఎదురుగా కింద కూర్చున్నాను. ఈసారి రేటు తగ్గకముందే అనేశాను.

“అవ్వా, గా తప్పు మీ పిల్లది కాదు. నాది. ఆమె పట్టుకుంటనన్నది. నేనే వద్దని కొట్టేసిన.”

అవ్వ చేతులు ఆగలేదు. “కంప్యూటర్‌ది అంటివి గద అప్పుడు.”

“అబద్ధం చెప్పిన.”

ఇంకో నాలుగు కాయలు తుంచింది.

“గీ మాట ఆనాడే అంటే అయిపోతుండె బిడ్డా. గప్పుడు మంది ఉండిరి. గిప్పుడు నేనొక్కదాన్నే ఉన్న.”

మంచినీళ్ళు ఇచ్చింది. తాగి లేచి, మిగిలిన పది ఇళ్ళూ అడుగుతూ తిరిగాను. ఒక్కో గుమ్మం దగ్గర అదే మాట చెప్పాను. కొందరు తలూపారు, ఒకాయన ఆ సంగతి మరిచిపోయానన్నాడు, ఒకామె మా పిల్లను మళ్ళీ పనిలోకి తీసుకుంటావా అని అడిగింది. ఆమె నాకన్నా మంచి పనిలో ఉందని చెప్పాను. నాలుగు ఇళ్ళకు తాళాలున్నాయి. పనులు వెతుక్కుంటూ పోయారని, ఎప్పుడొస్తారో తెలియదని పక్కవాళ్ళు అన్నారు. వాళ్ళు మళ్ళీ ఎప్పుడు వచ్చారో, ఆ పిల్ల గురించి ఏం మాట పట్టుకుని పోయారో నాకు తెలియదు. రాష్ట్రం వచ్చింది, నా దుకాణం పెరిగింది, ఆ తండా దారిలో నేను మళ్ళీ పోలేదు.

ఇక బిల్లు. కొట్టేసినవి పద్దెనిమిది. అందులో పదిహేడు నిజంగా దండగే. ఆ బేరం న్యాయమైనదే, అది నా వైపు వేసుకుంటాను. ఒకటి కొసరు. దాన్ని ఉంచితే పట్టేది రెండు సెకన్లు, ఒక్క రోజు ఆగితే మూడు వరుసలు. దాని వల్ల పోయిన పత్తి మూడు వందల డెబ్బై రెండు కిలోలు. అది వాపసు అయింది. పోయిన పేరు పదకొండు ఇళ్ళలో. ఏడు ఇళ్ళలో తిరిగి ఇచ్చాను, ఒక్కో గుమ్మంలో ఒక్కో మనిషికి, అందరూ వింటుండగా కాదు. బాకీ నాలుగు ఇళ్ళు.